గీతల్లేని పుస్తకం

స్విట్జర్లాండ్‌లో సెంట్ గాలెన్ మఠం గ్రంథాలయంలో నా నంబరు 359. పేరు కాంటటోరియం. 922, 926 మధ్య ఆ మఠంలోనే నన్ను రాశారు. క్రైస్తవుల బలిపూజలో ఒంటరిగా నిలబడి పాడే గాయకుడి పాటలు నాలో ఉన్నాయి. సన్నగా, పొడుగ్గా ఉంటాను. నాకు తొడిగిన దంతపు పలకలు నాకంటే ఎంతో పాతవి. వాటి మీద డయోనిసస్ దేవుడు భారతీయులతో యుద్ధం చేస్తుంటాడు. పూజ పాటలకు ఆ బొమ్మలేమిటంటారా? అంత మంచి దంతం దొరికితే ఎవరు వదులుకుంటారు!

లాటిన్ మాటల పైన నాకు సన్నటి గుర్తులుంటాయి, న్యూమ్స్ అంటారు. స్వరం పైకెళ్తోందో, దిగుతోందో చూపిస్తాయి. ఎంత పైకి, ఎంత కిందికి అన్నది నేను చెప్పను. అప్పట్లో ఆ అవసరమే లేదు. నన్ను పట్టుకున్నవాడు ఏళ్ల తరబడి గురువు నోట విని నేర్చుకున్నవాడు, పాటంతా కంఠతా వచ్చు. పాడే తీరు గుర్తుచేస్తే చాలు.

ఒక్క గుర్తు చూడండి. రెండు స్వరాలు, రెండోది కిందికి. చేతికర్ర పిడిలా వంగి ఉండే దాని పేరు క్లివిస్. పైన చిన్న 'సి' అక్షరం రాస్తే చకచకా పాడాలి. అక్షరం బదులు అడ్డంగా చిన్న గీటు పెడితే నిలిపి పాడాలి.

పదకొండో శతాబ్దంలో అరెజ్జో గైడో గీతల మీద స్వరాలు పెట్టాడు. ఎన్నడూ వినని పాటైనా ఇక చూసి పాడొచ్చు. గొప్ప పనే, కాదనను. కానీ ఆ తర్వాతి చతురస్రపు స్వరలిపిలో నా రెండు రకాల క్లివిస్‌లూ ఒకటైపోయాయి. 1908 నాటి వాటికన్ ముద్రణలోనూ అంతే. స్వరస్థానం నిలిచింది, నడక పోయింది.

1851లో లాంబియోత్ అనే ఫాదర్ నా నకలు అచ్చువేసి, దానికి ఏకంగా పోప్ సెయింట్ గ్రెగరీ పేరు పెట్టాడు. ఆయన పోయిన మూడొందల ఏళ్లకు పుట్టాను నేను! నయం, 1924లో ఫ్రాన్స్‌లోని సొలేమ్ మఠం వాళ్లు నా పేజీలను ఫొటోలుగా అచ్చువేశారు. స్వరస్థానాలకు నా దగ్గర జవాబు లేదు కనుక, న్యూమ్స్‌తోపాటు స్వరానికో అక్షరం రాసి ఉన్న మాంపెలియే ప్రతి లాంటివి చూసుకున్నారు. అది 1847లో బయటపడింది.

ఆ సొలేమ్ మఠంలోనే యూజెన్ కార్దీన్ అనే సన్యాసి నా గుర్తుల్ని ఒక్కొక్కటిగా పోల్చి చూశాడు. ఆ కృషి వల్లే 1979లో గ్రాడ్యువాలే ట్రిప్లెక్స్ వచ్చింది. మధ్యలో చతురస్రాలు, పైన నల్లగా లాన్ అనే ఊరి పాత ప్రతిలోని గుర్తులు, కింద ఎర్రగా మా సెంట్ గాలెన్ గుర్తులు. ఇప్పుడు గాయకులు మూడు వరుసల మీదా కళ్లు పెట్టి పాడాలి, పాపం.

అయినా నడక గురించిన తగువు తీరలేదు. పొట్టి స్వరం పొడుగుదానిలో సరిగ్గా సగమని కొందరు. లెక్కలు వద్దు, మాట పలికే తీరునుబట్టి పాడాలని కార్దీన్ శిష్యులు. సాక్ష్యానికి మాత్రం ఇద్దరూ నన్నే పిలుస్తారు.