ఇల్లు అమ్మబడును: టీకా తాత్పర్య సహితము

అవతారిక. కోలాచల మల్లినాథసూరి కాళిదాస కావ్యములకు వ్యాఖ్యానములు రచించి వానిని చదువరులకు చేరువ గావించెను. చెన్నపురి వావిళ్లవారు ప్రాచీన గ్రంథములను టీకా తాత్పర్యములతో అచ్చొత్తించి, సంస్కృతము రానివారి యిండ్లలో సైతము వానికి చోటు కల్పించిరి. ఇంత జరిగియు, ఆంధ్రదేశమున ఊరూర గేట్లకు వ్రేలాడుచు, దారిన పోవువానిని నిలిపి చదివించుచున్న ఒక గద్యమునకు మాత్రము నేటివరకు వ్యాఖ్యాత లభింపకపోవుట చింతింపదగిన విషయము. ఆ లోపమును యథాశక్తి పూరింపబూని, గుంటూరు శివారు కాలనీ యొకదానిలో, ఒక విశ్రాంత ఉద్యోగిగారి గేటునకు కట్టుతీగతో బిగించిన రేకు పలకమీది పాఠమును ఇచట స్వీకరించితిని.

మూలము. ఈ ఇల్లు అమ్మబడును. తూర్పు ముఖము. 200 గజములు. మంచినీటి బోరు కలదు. ధర 85 లక్షలు. బేరము లేదు. మధ్యవర్తులు రావలదు.

ఏ గ్రంథమునకైనను విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి అను అనుబంధచతుష్టయమును ముందుగా నిరూపించుట శిష్టాచారము. ఇచట విషయము ధర. ప్రయోజనము దానిని తగ్గించుట. (తగ్గించుట యన్నమాట మూలమున ఎచ్చటను లేదే యందురేమో, ‘బేరము లేదు’ అని వ్రాయించినవాడు ఏనాటికైనను బేరమునకు దిగక తప్పదని ఆ వీధిలో పాలుపోయు వానికి సైతము తెలియును.) అధికారి, పలక కట్టి రెండు నెలలు గడచినను తలుపు తట్టువాడు లేక, సాయంకాలము వరండాలో కుర్చీ వేసికొని వీధివంక చూచుచున్న గృహస్థు. సంబంధమును గూర్చి యేమియు చెప్పబనిలేదు. అది చెడకముందే యిల్లు అమ్ముకొనుట మేలు.

టీక. ఈ = దగ్గరనుండి తాను స్వయముగా కట్టించుకొన్న; ఇల్లు = బర్మాటేకు గుమ్మములు, మొజాయిక్ నేల గలదియని అమ్మువానికిని, పాతకట్టడమని కొనువానికిని తోచు వస్తువు; తూర్పు ముఖము = మూలమున నిర్వివాదమైన యేకైక గుణము; 200 గజములు = నాలుగు సెంట్ల పైచిల్లర; మంచినీటి బోరు = వేసవిలో వచ్చినవానికి చూపదగనిది; కలదు = ఉన్నమాట నిజము.

ఇక ‘85 లక్షలు’ అను సంఖ్యను అట్లు ఒక్కమాటతో దాటిపోవుటకు వీలులేదు. కట్టించిననాటి వ్యయము, ఆపై వేయించిన రంగులు, చిన్నమ్మాయి పెండ్లినాటి బాకీలో మిగిలిన భాగము, పెద్దవాడు డల్లాసునుండి ఫోనులో ‘నాన్నగారూ, తొందరపడకండి, ఇంకో యేడాది ఆగితే కోటి’ అని యిచ్చిన అభయము, పక్కవీధి యిల్లు తొంబదికి పోయినదట యన్న వార్త, ఇవన్నియు ఒకదానిపై నొకటి పేరుకొని ఆ సంఖ్య యేర్పడినది. వీనిలో కొనువానికి పనికివచ్చునది చిట్టచివరిది యొక్కటే. అదియు ‘అట’తో ముగిసినది. తొంబది అడిగినారో, తొంబదికి అమ్మినారో, ఆ యిల్లు కార్నరు బిట్టో, పైన మరియొక అంతస్తు కలదో, వార్త తెచ్చినవారు చెప్పలేదు, గృహస్థు అడుగనులేదు.

పైగా అమ్మువాడు 85 అని పలికినపుడు కొనువానికి 85 అని వినబడదు. స్టాంపు సుంకము, బదిలీ సుంకము, రిజిస్ట్రేషను రుసుము కలిపి నూటికి రమారమి ఏడున్నర చొప్పున, పూర్తి ధరకే దస్తావేజు వ్రాయించుకొన్నచో 6,37,500 రూపాయలు కొనువాని నెత్తిననే పడును. దానికితోడు గోడలు గీకించి మరల రంగు వేయించుట, వంటగట్టు మార్పించుట. ఆయన తొంబదిరెండు లక్షలకు పైబడిన యిల్లొకటి చూచి పోవుచున్నాడు. ఈయన తాను అన్యాయముగా ఒక్క లక్షయైనను ఎక్కువ చెప్పలేదే యని నొచ్చుకొనుచున్నాడు. ఇరువురును సత్యవాదులే.

తగ్గింపవలసిన సమయము వచ్చెనా లేదా యనుట ప్రమేయము. అది తెలియుటకు ప్రమాణము కావలెను. నైయాయికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములను అంగీకరించిరి. గృహస్థు వీనిలో తుది రెండింటినే నమ్ముకొనును. పక్కవీధి యింటితో పోలిక ఉపమానము. డల్లాసు ఫోను శబ్దము. ఆప్తవాక్యమే శబ్దప్రమాణమన్నమాట నిజమే కాని, శాస్త్రమున ఆప్తుడనగా యథార్థము నెరిగి చెప్పువాడు, చుట్టము కాడు.

ఇచట అక్కరకు వచ్చునది భాట్టమీమాంసకులు ఆరవదిగా అంగీకరించిన అనుపలబ్ధి. వస్తువు కనబడకపోవుటయే అది లేదనుటకు ప్రమాణము: నేలమీద కుండ కనబడలేదు కనుక కుండ లేదు. అటులనే రెండు నెలలుగా ఒక్కడును రాలేదు కనుక, ఈ ధరకు కొనువాడు లేడు. అయితే మీమాంసకులు దీనికొక కట్టుబాటు విధించిరి. ఉన్నచో కనబడి తీరవలసిన చోట కనబడకపోయిననే అది ప్రమాణమగును. చీకటిగదిలో కుండ కనబడలేదని కుండయే లేదనరాదు. దీనికి యోగ్యానుపలబ్ధి యని పేరు. ధర యెపుడు తగ్గింపవలెనన్న ప్రశ్నకు నాకు తెలిసిన సమాధానమంతయు ఈ నియమముననే యిమిడియున్నది.

ఏలయన, తెలుగువాని పంచాంగమున ఇట్టి చీకటిగదులు పెక్కు. ఆషాఢమున గృహప్రవేశము లేదు, భాద్రపదమున లేదు, అందును మహాలయపక్షమున ఆ మాటయే యెత్తరు, పుష్యమున లేదు, గురుమౌఢ్యము, శుక్రమౌఢ్యము వచ్చినచో మిగిలిన మంచి నెలలును మూతపడును. ఆషాఢమున ఇల్లు చూచువారు లేకపోలేదు కాని, వారు చూచి, మెచ్చి, ‘శ్రావణంలో వస్తామండీ’ యని బయానా మాట యెత్తకయే వెడలిపోదురు. శూన్యమాసమున ఎవరును రాలేదని బెంగపడి ధర దించినవాడు, చీకటిలో కుండను తడవకయే కొత్తకుండకు డబ్బిచ్చినవాడు. ఉగాది మొదలు జ్యేష్ఠము వరకు, అనగా పిల్లల పరీక్షలు ముగిసి బడులు మరల తెరచులోగా, మౌఢ్యము లేని దినములలో ఇల్లు మారదలచినవారు నిజముగా తిరుగుదురు. ఆ వెలుతురులో ఆరు వారములపాటు ఎవరును గేటు తీయలేదనిన, ఇక పంచాంగమునకు అపరాధము లేదు, ధరదే అపరాధము.

ఆ నిశ్చయమునకు వచ్చుటకు ముందు మరి రెండు చీకట్లను తొలగించుకొనవలెను. మొదటిది, మూలమును మరల చదివినచో అందు ఫోను నంబరు లేదు. గేటు తీసి, కుక్కను దాటి, నిద్రించుచున్న పెద్దమనిషిని లేపి ధర విచారించు సాహసికులు ఈ కాలమున అరుదు. రెండవది ‘మధ్యవర్తులు రావలదు’ అను నిషేధవాక్యము. కమీషను మిగులునని వ్రాయించిన ఆ వాక్యమువలన మధ్యవర్తులు రాకపోవుట నిజమే. ఊరకుండుట మాత్రము లేదు. ఆ యింటి ప్రసక్తి వచ్చినపుడెల్ల ‘లింకు డాక్యుమెంట్లలో ఏదో ఉన్నదండీ, మనకెందుకు’ అని పెదవి విరుతురు. ఈ.సి. పరిశుద్ధముగా ఉండవచ్చును, కాగితములు వరుసగా ఉండవచ్చును, పెదవివిరుపునకు ఈ.సి. సమాధానము కాదు. ఇట్టి చోట 5 లక్షలు తగ్గించుట కంటె ఒక నంబరు చేర్చి ఒక వాక్యమును చెరిపివేయుట చౌక.

ఇక జనులు వచ్చుచున్నారు, చూచుచున్నారు, పోవుచున్నారు, కాని బేరము కుదురుట లేదు. ఇది వేరొక రోగము. ఒక దంపతులు వచ్చినారనుకొందము. ఆయన గోడను వ్రేలి కణుపులతో తట్టి ధ్వని వినును. ఆమె తిన్నగా వంటింటిలోనికి పోయి, సెల్‌ఫోనులోని దిక్సూచిని పొయ్యిగట్టుపై నుంచి, ఆగ్నేయమేనా యని చూచుకొని, మారుమాటాడక వెనుకకు వచ్చును. ఇల్లాలు ఇచ్చిన కాఫీ త్రాగి, ‘ఆలోచించి ఫోను చేస్తామండీ’ యని లేతురు. ఈ వాక్యమునకు ప్రతిపదార్థము అనవసరము, తాత్పర్యము, చేయరని. అయితే ఏల చేయరో వారి కాళ్లు చెప్పును. వీధిపోటు కనబడి గేటు దగ్గరనే ఆగిపోయిన కాళ్లను ధర లోపలికి తేజాలదు. మెట్లెక్కి, డాబామీద నీళ్లట్యాంకు మూత తీసి చూచి, దిగివచ్చి, నోరు విప్పక పోయినవారు మాత్రము ధరకు వెరచినవారు. అట్టివారు ముగ్గురు నలుగురు వరుసగా వచ్చి పోయినచో, పలకను దించు దినము సమీపించినదని తెలియవలెను.

‘లాస్టు రేటెంతండీ?’ అని గుమ్మమున కాలుపెట్టకయే అడుగువానిని చూచి గృహస్థు ఉత్సాహపడును. పడరాదు. వాడు కాలక్షేపమునకు ఊరిలోని అన్ని యిండ్ల లాస్టు రేట్లును సేకరించుచుండును. ‘ఇంటిపన్ను ఎవరి పేర వస్తున్నది? కరెంటు మీటరు ఎవరి పేర ఉన్నది?’ అని అడిగినవాడు కొనువాడు. అట్టివాడు ఎదుట కూర్చుండి బేరమాడుచున్నంత కాలము పలకమీది అంకెను తాకరాదు. తగ్గింపవలసినది మాటలో, ముఖాముఖిగా, ఆయన ఒక మెట్టు ఎక్కినపుడు ఈయన ఒక మెట్టు దిగి. పలక తగ్గినది యెల్లవారికిని తగ్గినట్లు. మాట తగ్గినది అడిగినవానికే.

ఆక్షేపము: భూమి విలువ పెరుగునేకాని తరుగదు, కావున కాచుకొని కూర్చున్నవాడే బుద్ధిమంతుడు. సమాధానము: 82 లక్షలకు వచ్చిన బేరమును 85 కొరకై గృహస్థు కాదనెననుకొందము. ఆ 82 లక్షలను ఏటికి నూటికి ఆరు చొప్పున బ్యాంకులో వేసినచో నెలకు 41,000 వడ్డీ వచ్చును. ఏ 3 లక్షలు పోవునని వెరచెనో, ఆ 3 లక్షలును ఎనిమిదవ నెల సగము గడవకముందే వడ్డీరూపమున పోయియుండును. ఇంట అద్దెకున్నవారున్నచో ఈ నష్టము కొంత తగ్గును గాని, అద్దెకున్నవారి వీలుసాలు చూచుకొని ఆ యింటిని పరులకు చూపించుట యెంత క్లేశమో, అది వేరొక ప్రకరణము. భూమి పెరుగుట నిజమే యందమా, పెరిగినది స్థలము. ఇల్లు ఏటేట పాతబడుచునే యున్నది. కొనువాడు రెండింటిని కలిపియే లెక్కించును.

ఎంత తగ్గింపవలెనను విషయమున నాకు సందేహము లేదు. తగ్గించినచో ఒక్కమారు, తెలియునట్లు తగ్గింపవలెను. 85ను 84 చేసినందువలన ఒక్క కొత్త మనిషియు రాడు. ఏలయన కొనువారును, వారిని త్రిప్పు మధ్యవర్తులును ఇండ్లను ‘డెబ్బయ్యయిదు లోపు’, ‘ఎనభై లోపు’ అని గంపగుత్తగా విభజించుకొని తిరుగుదురు. 80 అన్ననాడు ‘ఎనభై లోపు’ వారందరును ఒక్కమారుగా గేటు తీయుదురు. 84, 83, 82న్నర అని నెలనెలకు జారినచో, వచ్చు నెల యింకను జారునని వీధియంతయు నేర్చుకొని వేచియుండును. సర్కారువారు కట్టిన మార్కెట్ విలువకు దిగువకు మాత్రము దిగరాదు. దిగినను సుంకము ఆ విలువమీదనే కట్టవలెను. వ్యత్యాసము నూటికి పదికి మించినచో, ఆదాయపు పన్నువారు అమ్మువాని చేతికి రాని సొమ్మును వచ్చినట్లే యెంచి లాభము లెక్కింతురు.

పాఠాంతరములు. మూలమును స్వీకరించిన కొలది కాలమునకే ఈ గ్రంథమునకు రెండు పాఠాంతరములు పుట్టినవి. 85పై తెల్లరంగు పూసి 84 యని వ్రాసినది మొదటిది; దానిపై మరల పూసి 83.50 చేసి, ‘బేరము లేదు’లోని ‘లేదు’ను ‘కలదు’గా దిద్దినది రెండవది. పూత పలుచనైనందున మూడు అంకెలును ఒకదానివెనుక నొకటి స్పష్టముగా చదువనగును; వచ్చినవారెవరైనను ఆ వరుసలో నాలుగవ అంకెను తామే వ్రాసికొని బేరమునకు దిగుదురు. ఈ రెండు దిద్దుబాట్లును ఆషాఢమాసముననే జరిగినవి.

కావున ఇల్లు అమ్మదలచిన చదువరులారా, ధర మార్చునపుడు పాత అంకెమీద రంగు పూయింపకుడు; పలకనే మార్పించుడు. కొత్తదానిపై ఫోను నంబరు పెద్ద అక్షరములతో వ్రాయింపుడు, మధ్యవర్తులను రానిండు. శ్రావణము వచ్చువరకు మాత్రము పెయింటరును పిలువకుడు.