గొట్టం ఎక్కితే సముద్రం కనిపిస్తుందట!

ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో సముద్రం చూడ్డానికి టికెట్ కొని గొట్టం ఎక్కాలట. దాని పేరు ఐ360. ఎత్తు 162 మీటర్లు, 2016లో తెరిచారు. గాజు గదిలో నిలబెట్టి పైకి తీసుకెళ్తారు. ఎందుకయ్యా? రోడ్డు దాటితే సముద్రమే కదా! జనం చాలక 2024 చివర్లో ఆ కంపెనీ చేతులెత్తేసింది. నేనేం ఆశ్చర్యపోలేదు.

మా రోజుల్లో, అంటే డెబ్బైల్లో, డ్యూటీ లేని ఆదివారం లండన్ విక్టోరియా స్టేషన్లో రైలెక్కేవాళ్ళం. వచ్చేవాళ్ళందరూ మనవాళ్ళే, ఆసుపత్రి డాక్టర్లూ వాళ్ళ పిల్లలూ. క్యారియర్ల నిండా పులిహోర. అక్కడ ఇసక లేదు, అన్నీ గులకరాళ్ళే. కూర్చుంటే నడుం పట్టేసేది, అయినా పొద్దుపోయేదాకా లేచేవాళ్ళం కాదు. చిప్స్ న్యూస్‌పేపర్లో పొట్లం కట్టి ఇచ్చేవాడు. వెనిగర్ మీద మా ఆవిడ కారప్పొడి చల్లేది. ఇప్పుడు అట్టపెట్టెలో ఇస్తున్నారు, ధర మాత్రం నన్నడక్కండి. సీగల్స్ సంగతంటారా, అవి అప్పుడూ దొంగలే.

ఇంక వెస్ట్ పియర్. సముద్రంలోకి కట్టిన ఆ ఇనుప వంతెన 1866 నాటిది. 1975లో మూసేశారు. ఇదిగో బాగుచేస్తాం, అదిగో బాగుచేస్తాం అంటూ పాతికేళ్ళకు పైగా నాన్చారు. 2002 చివర్లో కొంత కూలింది, మరుసటి ఏడు మంటల్లో కాలింది. మిగిలిన ఇనుప చట్రం నీళ్ళలో నిలబడి ఉంటే, సాయంత్రమయ్యేసరికి దాని ముందు ఫొటోల కోసం గుంపులు! బతికుండగా గంజి పొయ్యనివాళ్ళు ఏడూడికి గారెలు వండినట్టుంది.

ఆ ఊళ్ళోనే ఉన్న రాయల్ పెవిలియన్ భవనం ముందు మా మనవడు, "తాజ్‌మహల్‌లా ఉంది తాతయ్యా" అని సెల్ఫీ తీసుకున్నాడు. ఒరేయ్, ఆ గుమ్మటాలు నాలుగో జార్జి సరదాకి జాన్ నాష్ కట్టినవి. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ మన సిపాయిలకి 1914 నుంచి 1916 దాకా అందులోనే వైద్యం చేశారు. ఆచారాలకి భంగం రాకుండా తొమ్మిది వంటిళ్ళు, హిందువులకీ ముస్లింలకీ వేరువేరు కుళాయిలు. చనిపోయిన హిందువులనీ సిక్కులనీ ఊరి బయట కొండ మీద దహనం చేశారు, 53 మందిని. 1921 నుంచి అక్కడ వాళ్ళ గుర్తుగా పాలరాతి ఛత్రి ఉంది. కొండెక్కి నడవాలి, పద అన్నాను.

వాడు ఫోను చూసి, "స్టార్లు బాగానే ఉన్నాయి తాతయ్యా, వెళ్దాం" అన్నాడు.

చితులు కాలిన చోటుకి స్టార్లేమిట్రా!