బావ సంతకం

మా బావ డాలస్‌లో ఉంటాడు. మంచి మనిషి. రెస్టారెంటులో మరీ మంచి మనిషి. బల్ల చుట్టూ చుట్టాలుంటే ఇక చెప్పక్కర్లేదు. బిల్లు రాగానే కళ్ళజోడు తగిలించుకుంటాడు. కింద అచ్చేసిన 18, 20, 22 శాతాల లెక్కలు చూసి పెదవి విరుస్తాడు. సొంతంగా ఓ అంకె వేసి, ఇల్లు రిజిస్ట్రేషన్ చేయిస్తున్నంత శ్రద్ధగా సంతకం పెడతాడు. ఆ కాగితాన్ని బోర్లించడు మాత్రం. మేమంతా చూడాలిగా!

అక్కా చూస్తుంది. అక్కడ నవ్వేస్తుంది. కారు తలుపు పడ్డాక మొదలు.

"ఎనభై డాలర్ల బిల్లుకి నలభై టిప్పా? దోశ చల్లారిపోయిందని గొణిగింది మీరే కదండీ!"

"ఆ పిల్లకి జీతం గంటకి 2.13 డాలర్లేనే. 1991 నుంచీ అంతే!"

ఇది బావ బ్రహ్మాస్త్రం. అబద్ధమూ కాదు. టిప్పులందుకునేవాళ్ళకి ఫెడరల్ చట్టం చెప్పిన కనీసం అప్పట్నుంచీ అక్కడే ఆగింది, టెక్సాస్‌లోనూ అంతే. కానీ మా అక్క పన్నుల లెక్కలు చూసే మనిషి.

"టిప్పులు కలిపినా 7.25 రాకపోతే మిగతాది ఓనరు కట్టాలి. ఆ ముక్క చెప్పరేం? పైగా మీరు ట్యాక్సు మీద కూడా టిప్పు వేశారు!"

2022లో పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్‌లో ఒకాయన 13 డాలర్ల చిల్లర బిల్లుకి 3,000 డాలర్ల టిప్పు రాసి, తర్వాత ఆ చార్జీ ఒప్పుకోనని అడ్డం తిరిగాడు. హోటలువాళ్ళు అప్పటికే ఆ డబ్బు సర్వరుకి ఇచ్చేశారు. వ్యవహారం కోర్టుకెక్కింది. ఈ కథంటే ఇద్దరికీ ప్రాణం. దానం ముదిరితే దావాయేనని అక్క. తనెప్పుడూ వెనక్కి అడగలేదని బావ.

నిజం చెప్పాలంటే నా ఓటు బావకే. సర్వరు పేరడుగుతాడు, చదువెంతవరకొచ్చిందో కనుక్కుంటాడు. చిక్కల్లా ఆ ధారాళం కొత్తిమీర దగ్గర ఆవిరైపోవడమే. హైదరాబాద్ వస్తే మెహదీపట్నం రైతుబజారులో కట్టకి రెండు రూపాయలు తగ్గించమని ఎండలో నిలబడతాడు. కొసరు కరివేపాకు పడందే కదలడు. అదేంటి బావా అంటే, "ఇది బేరంరా, అది మర్యాద" అంటాడు.

పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు, టోకెన్ కొని ప్లేటు మనమే తెచ్చుకునే టిఫిన్ సెంటర్లో నించుని ఇడ్లీ తిని, ప్లేటు కింద ఐదు వందల నోటు పెట్టొచ్చాడు. బల్లలు తుడిచే కుర్రాడు "సార్, పైసలు మర్చిపోయిండ్రు!" అంటూ కారుదాకా ఉరికొచ్చాడు. బావ నోరు తెరిచేలోపు అక్క ఆ నోటందుకుని హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. వాడి చేతిలో పది రూపాయలు పెట్టింది.

రెండు శాతం.