దావోస్ వయా వికారాబాద్

అనంతగిరి గుట్టల్ని మొదట ‘తెలంగాణ ఊటీ’ అన్నారు. వానాకాలంలో నాలుగు మబ్బులు కిందికి దిగేసరికి ప్రమోషన్ ఇచ్చి ‘మినీ స్విట్జర్లాండ్’ చేశారు. ఊటీ 2,240 మీటర్ల ఎత్తున ఉంది. మన గుట్ట దాని దరిదాపులకు కూడా పోదు. పోకపోతే ఏం, రీల్‌లో ఎత్తు కనబడదు కదా! హైదరాబాద్ నుంచి సుమారు ఎనభై కిలోమీటర్లే. వీసా అక్కర్లేదు. ఆదివారం పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికల్లా యూరప్‌లో కూర్చుని బిర్యానీ తినొచ్చు. తిన్న ప్లేట్లు యూరప్‌లోనే పారేసి రావొచ్చు.

జనాన్ని అని లాభం లేదు, ఏలినవారిదీ ఇదే వరస. పాతబస్తీని ఇస్తాంబుల్ చేస్తామన్నారు కేసీఆర్. రేవంత్ రెడ్డి 2024 జనవరిలో లండన్ వెళ్లి, మూసీని బాగుచేయడానికి థేమ్స్ ముచ్చట్లు అడిగి తెలుసుకున్నారు. అదే ఏడాది అక్టోబర్‌లో మంత్రులూ అధికారులూ సోల్ వెళ్లి అక్కడి నదిని చూసొచ్చారు. ముఖ్యమంత్రి నియోజకవర్గం కొడంగల్. అది ఉన్నది వికారాబాద్ జిల్లాలో. మూసీ పుట్టిన అనంతగిరి ఉన్నదీ అదే జిల్లాలో. లండన్ మీదుగా పోతే దగ్గర కాబోలు.

యూరప్‌ను చూసి వాత పెట్టుకోవాలనే ఉంటే సరైన చోట పెట్టుకోవచ్చు. సెయిన్ నది పుట్టేది ప్యారిస్‌కు ఎక్కడో దూరంగా బర్గండీలో. అయినా ఆ ఊట ఉన్న నేల 1864 నుంచి ప్యారిస్ నగరానిదే. మూడో నెపోలియన్ కాలంలో అక్కడ చిన్న గుహ కట్టి, జలకన్య బొమ్మ పెట్టారు. నగరం తన నది తల ఎక్కడుందో గుర్తుపెట్టుకుంది. మన మూసీకి 1908 సెప్టెంబర్‌లో కోపమొస్తే నగరం అతలాకుతలమైంది. 1920లో ఉస్మాన్‌సాగర్ (గండిపేట చెరువు) కట్టాక నగరం దాని నీళ్లే తాగి పెరిగింది. తల ఎక్కడుందని అడిగితే మాత్రం గండిపేట వైపు చెయ్యి చూపేవాళ్లే ఎక్కువ. అనంతగిరిలో అనంత పద్మనాభస్వామి గుడికి దండం పెట్టి, కింది గుండంలో కాళ్లు కడుక్కుని, ‘ఇక్కడ చూడ్డానికి ఇంకేముంది?’ అని అడిగి పోయేవాళ్లు మిగతావాళ్లు.

స్విట్జర్లాండ్‌తో అనంతగిరికి నిజంగానే ఒక పోలిక ఉంది. ఏ రిసార్టు బోర్డు మీదా కనబడని పోలిక అదొక్కటే. క్షయ. పందొమ్మిదో శతాబ్దంలో దావోస్‌కు పేరొచ్చింది పెట్టుబడులతో కాదు, దగ్గుతో. కొండ గాలి ఊపిరితిత్తులకు మంచిదని యూరప్ నలుమూలల నుంచీ రోగులు వచ్చి, కంబళ్లు కప్పుకుని వసారాల్లో నెలల తరబడి పడుకునేవారు. స్ట్రెప్టోమైసిన్ వచ్చాక మంచాలు ఖాళీ అయి, శానటోరియంలు హోటళ్లయ్యాయి. ఇప్పుడు ఏటా జనవరిలో మన ముఖ్యమంత్రులు ఓవర్‌కోట్లు తొడుక్కుని ఆ ఊరికే పోయి ఎంఓయూల మీద సంతకాలు పెట్టొస్తున్నారు. ఆ కొండ గాలి లెక్కనే నిజాం కాలంలో అనంతగిరిలో టీబీ దవాఖాన కట్టారు. ‘మాది అచ్చమైన దావోస్ వాతావరణం, పాత క్షయ దవాఖానే సాక్ష్యం’ అని బోర్డు రాయించే దమ్మున్న రిసార్టు ఓనరు కోసం ఎదురుచూస్తున్నాను.

ప్రశాంతత కోసం వచ్చేవాళ్లకు ఇంకో శుభవార్త. ఫోన్ సిగ్నల్ అందలేదని వచ్చినవాళ్లు పొంగిపోయే ఈ గుట్టలకు దగ్గర్లోనే, దామగుండం అడవిలో, సుమారు 2,900 ఎకరాల్లో నౌకాదళం కేంద్రం వస్తోంది. 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన అయింది. సముద్రంలో మునిగి ఉన్న జలాంతర్గాములకు అక్కడి నుంచి సిగ్నల్ పంపుతారట. చెట్లు పోతాయని మొత్తుకున్నవాళ్ల గొంతుకు మాత్రం అంత రేంజి లేకపోయింది.

ఇక ఇదే జిల్లాలోని తాండూరు. యూరప్ పోయినవాళ్లు రాళ్లు పరిచిన పాత వీధులు చూసి మోకాళ్ల మీద కూర్చుని ఫొటోలు తీస్తారు. వాళ్ల సొంతింటి వాకిట్లో, వంటింట్లో, బాత్రూంలో ఉన్నవి తాండూరు బండలే. వాటిని ఎవడూ ఫొటో తీయడు. బండ కోసే మిషన్ల దుమ్ము, సిమెంటు దుమ్ము, లారీల దుమ్ము కలిసి తాండూరుకు కూడా ఏడాది పొడవునా పొగమంచు ఉంటుంది. దాన్ని స్విట్జర్లాండ్ అనడానికి ఎవరికీ నోరు రాలేదెందుకో. తాండూరు కందిపప్పుకు 2022లో జీఐ గుర్తింపు వచ్చింది. ఫ్రాన్స్‌లో అయితే ద్రాక్షతోట చూపించడానికీ టికెట్టు పెడతారు. ఇక్కడ కంది చేను పక్కన కారు ఆగితే టైరు పంచరైందని అర్థం.

ఇంత విదేశీ మోజు కొత్తదేం కాదు లెండి. వికారాబాద్‌కు ఆ పేరు వచ్చింది హైదరాబాద్ దివాన్ వికారుల్ ఉమ్రా మీదుగా. ఫలక్‌నుమా కట్టించింది ఆయనే. తన పేరిట వెలిసిన ఊరికి నలభై కిలోమీటర్లలో తాండూరు బండ ఉండగా, ఆయన ఇటలీ పాలరాయి తెప్పించుకున్నాడు. అప్పులపాలయ్యాడు. చివరికి ఆ మహల్‌ను ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ తీసుకోవాల్సి వచ్చింది. ఇవాళ ‘స్విస్ వ్యాలీ’ బ్రోచర్ చూసి, గుంటల లెక్కన ఫామ్ ప్లాట్లు వాయిదాల మీద కొంటున్నవాళ్లకు నిజాం ఎక్కడ దొరుకుతాడో, సైటు చూపించే ఏజెంటును అడగండి. అడ్వాన్సు ఇచ్చేముందు అడగండి.