రెండు కళ్ల కెమెరాలో దొంగ వెలుగు

ఒకే దృశ్యాన్ని రెండు లెన్సులతో ఒకేసారి రెండు చిత్రాలుగా తీసే యంత్రం స్టీరియో కెమెరా, ఆ చిత్రాలను ఒక్కో కంటికి ఒక్కటి చొప్పున చూపితే లోతు ఉన్న భ్రమ కలుగుతుంది. కళ్లజోళ్లు పెట్టుకుని ‘చిన్నారి చేతన’ త్రీడీ సినిమా చూసి తెరవైపు చేతులు చాచిన తరానికి ఆ భ్రమ గురించి వేరే చెప్పనక్కర్లేదు. అమెరికాలో డేవిడ్ వైట్ కంపెనీ 1947లో విడుదల చేసిన స్టీరియో రియలిస్ట్ ఈ జాతిలో పేరు మోసింది. అంతటి వయసున్న కెమెరాలో కీళ్లు వదులై, సందుల్లోంచి చొరబడి ఫిల్మును పాడుచేసే వెలుగును లైట్ లీక్ అంటారు. స్టూడియోలవాళ్లు ‘లైటు కొట్టింది’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

మామూలు కెమెరాలో ఈ దొంగను పట్టడం కొంత తేలిక. రియలిస్టులో మాత్రం ఒక జంటకు చెందిన కుడి ఎడమ చిత్రాలు ఫిల్ము మీద పక్కపక్కన ఉండవు, వాటి నడుమ రెండు చిత్రాల ఎడం ఉంటుంది, ఆ ఎడంలో ముందు జంటది ఒకటి, తర్వాతి జంటది ఒకటి వచ్చి కూర్చుంటాయి. సూర్యాపేట–జనగామ దారిలోని తిరుమలగిరిలో మే నెల మిట్టమధ్యాహ్నం, రెండు లెన్సుల మధ్య చిల్లున్న రియలిస్టును పట్టుకుని ఎవరైనా నిలబడితే, నిన్న మార్కెట్ యార్డులో తీసిన ధాన్యపు రాశికి ఒక కన్నూ, రేపు తీయబోయే పెళ్లివారికి మరో కన్నూ పోతాయి. ఇవాళ తీసిన చిత్రం మాత్రం ఏమీ ఎరగనట్టు నిగనిగలాడుతుంది. అత్త మీది కోపం దుత్త మీద తీర్చుకోవడానికి ఇంతకంటే పకడ్బందీ ఏర్పాటు ఉండదు.

అయినా ఫిల్మే సాక్ష్యం చెబుతుంది. మరక చిత్రపు హద్దు దాటి అంచునున్న రంధ్రాల దాకా పాకితే వెలుగు వెనక మూత వైపునుంచి వచ్చినట్టు, చిత్రం హద్దులోనే ఆగితే లెన్సు, షట్టరు వైపు అనుమానించాల్సినట్టు. కెమెరాలో బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి, ఆకాశంలో మంట కనిపిస్తే చిల్లును కెమెరా అడుగున వెతకాలి. పైమూతను పట్టి పీడించేవారే ఎక్కువ. నమ్మకం కుదరనివారు అన్ని అతుకులకూ నల్ల టేపు చుట్టి, ఒక్కో చిత్రానికి ఒక్కో అతుకు విప్పుతూ ఎండలో పెట్టి చూడవచ్చు. దోషి వెనక మూతే అని తేలితే శిక్ష చిన్నదే, మూత గాడిలో ఫ్యాన్సీ షాపు నల్ల ఊలు పోగు ఒకటి కూరితే చాలు.

అన్ని మరకలూ లీకులు కావు. సుమారు 70 మిల్లీమీటర్ల ఎడంలో ఉన్న రెండు లెన్సుల్లో ఒక్కదానిలోకే సూర్యుడు తొంగిచూసి పోవడం కద్దు. అప్పుడు కావలసింది లెన్సు ముందు చిన్న నీడ మాత్రమే అయినా, ఆ సంగతి తెలిసే సరికి కెమెరా సొంతదారు సగం స్వెటరు విప్పి కెమెరాలో కూరేసి ఉంటాడు.