బెంచ్‌మార్కులో బావని ఓడించే చిట్కాలు

నీ కంప్యూటరు గొప్పదా, నాది గొప్పదా అని మేనత్త కొడుకుతో సంక్రాంతికి మొదలైన తగువు ఉగాదికి కూడా తేలదు. తేల్చేయడానికి సివిలైజేషన్ 6 ఉంది. ఫిరాక్సిస్ వాళ్లు తయారుచేయగా 2016లో విడుదలైన ఈ వ్యూహాల ఆటలో బెంచ్‌మార్కు ఆటతోపాటే వస్తుంది. మెనూలో నొక్కితే చాలు, తనంతట తనే నడిచి అంకెలు మీ చేతిలో పెడుతుంది. ఆ అంకెలు మీవైపు మొగ్గేలా చూసుకోవడమే మన పని. ఆట ఆడటం రాకపోయినా ఫర్వాలేదు, రాకపోతేనే మంచిది.

1. కొలవాల్సింది వదిలేసి కొలవక్కర్లేనిది కొలవండి. ఇందులో రెండు పరీక్షలుంటాయి. గ్రాఫిక్స్ పరీక్ష ఫ్రేములు ఎంత వేగంగా వస్తాయో చెబుతుంది. ఏఐ పరీక్ష, కంప్యూటరు ఆడించే రాజులంతా తమ వంతు ముగించడానికి సగటున ఎన్ని సెకన్లు పడతాయో చెబుతుంది. ఇది వంతులవారీ ఆట. సగం ఆట దాటాక మనిషిని విసిగించేది ఈ సెకన్లే తప్ప ఫ్రేములు కావు. అది ప్రాసెసరు పని. గ్రాఫిక్స్ కార్డు ఎంత ఖరీదైనదైనా అక్కడ చేసేది పెద్దగా ఏమీ లేదు. మీ డబ్బంతా కార్డులోనే ఉంది కాబట్టి ఫ్రేములే పట్టుకోండి.

2. ఏఐ పరీక్ష తప్పనిసరైతే ఫలితాన్ని తలకిందులుగా చదవండి. అందులో సెకన్లు ఎంత తగ్గితే అంత మంచిది. బావకి 9, మీకు 14 వచ్చాయనుకోండి. "పద్నాలుగు బావా!" అని చప్పట్లు కొట్టండి. చిన్నప్పట్నుంచీ మార్కులు ఎక్కువొస్తేనే గొప్పని పెరిగినవాళ్లం, ఎదురు ప్రశ్న రాదు.

3. సెట్టింగులు ఎవరి తాహతుకి తగ్గట్టు వాళ్లకి పెట్టండి. మీ దాంట్లో రిజల్యూషన్ 1280×720, నీడలు బంద్. బావ దాంట్లో 4కె, అన్నీ అల్ట్రా. "నీ మానిటరు మంచిది కదా బావా, దానికి న్యాయం చేద్దాం" అంటే మురిసిపోతాడు. 720పీ కంటే 4కెలో పిక్సెళ్లు సరిగ్గా 9 రెట్లు, కార్డు నాలుక బయటపెడుతుంది. ఒకవేళ బావ మానిటరు 60 హెర్ట్‌జ్‌ది అయితే ఇంత కష్టం కూడా అక్కర్లేదు. వీ-సింక్ ఆన్ చేసి వదిలేయండి, ఫ్రేములు 60 దాటవు. బెంచ్‌మార్కులో మ్యాపు మార్చడం కుదరదు గానీ మామూలు ఆటలో కుదురుతుంది. ఫోన్లో స్టాప్‌వాచ్ తీసి, మీ దాంట్లో ఇద్దరే రాజులుండే డ్యూయెల్ మ్యాపు మొదటి వంతునీ, బావ దాంట్లో 12 మంది రాజుల హ్యూజ్ మ్యాపు మూడొందలో వంతునీ కొలవండి. రెండూ ఒకే ఆట. మీరు అబద్ధం ఏమీ ఆడలేదు.

4. దుమ్ము దులుపుతానని బావ క్యాబినెట్ విప్పండి. ఈ చిట్కా మీద కాస్త శ్రద్ధ పెట్టాలి, ఫలితం బాగుంటుంది. పక్క పలక తీయగానే నిలువుగా రెండు ర్యామ్ స్టిక్‌లు కనిపిస్తాయి. రెండూ సరైన స్లాట్లలో ఉంటేనే డ్యూయల్ ఛానెల్‌లో పనిచేస్తాయి. చివర క్లిప్పు నొక్కితే టక్కున పైకి లేస్తుంది. ఒకటి తీసి, ఊది, బల్ల మీద పెట్టి మర్చిపోండి. తర్వాత వెనక్కి తిరగండి. మానిటరు హెచ్‌డీఎంఐ కేబులు గ్రాఫిక్స్ కార్డుకి ఉంటుంది. దాన్ని ఊడదీసి పైనున్న మదర్‌బోర్డు సాకెట్లో గుచ్చండి. ప్రాసెసరులో సొంత గ్రాఫిక్స్ ఉంటే బొమ్మ చక్కగానే వస్తుంది, అనుమానం రాదు. కార్డు మాత్రం ఫ్యాను తిప్పుకుంటూ ఖాళీగా కూర్చుంటుంది. ఓపికుంటే బయాస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ ఆపేయండి. 3200 అని రాసి ఉన్న ర్యామ్ చాలా బోర్డుల్లో 2133 దగ్గరో 2400 దగ్గరో కూలబడుతుంది. ఇదంతా తమకి తెలియకుండా తామే చేసుకున్నవాళ్లు మన కాలనీల్లో బోలెడుమంది ఉన్నారు. వాళ్లతో పోటీ అయితే మీకు ఈ శ్రమ కూడా ఉండదు.

5. బావది ల్యాప్‌టాప్ అయితే ముహూర్తం మే నెల, బెజవాడ, మధ్యాహ్నం రెండింటికి పెట్టండి. దాన్ని పరుపు మీద పెట్టండి, గాలి రంధ్రాలు దూదిలో కూరుకుపోతాయి. వేడెక్కిన ప్రాసెసరు తన వేగం తనే తగ్గించుకుంటుంది. ఛార్జరు కూడా పీకేయండి. అడిగితే కరెంటు బిల్లు అనండి. ఆ మాటకి అత్తయ్య సాక్ష్యం పలుకుతుంది.

6. బావకి ఒక్కసారే అవకాశం, మీకు మంచి అంకె వచ్చేదాకా. మొదటిసారి నడిపినప్పుడు ఫైళ్లు డిస్కు నుంచి లోడవుతూ ఆట తడబడుతుంది. అదే బావ తుది ఫలితం.

7. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఆన్‌లైన్‌లో ఆడి ఓడితే సాకు సిద్ధంగా ఉంది. అందులో ప్రతి కంప్యూటరూ మొత్తం యుద్ధాన్ని తనే లెక్క కడుతూ మిగతావాటితో అడుగు కలపాలి. ఒక్కటి నత్తనడక నడిస్తే అందరికీ నత్తనడకే. అందుకే డెఫినిటివ్ ఎడిషన్‌లో ర్యాంక్ ఆటకి ముందు ఒక పరీక్ష పెట్టి 1000 పాయింట్లు అడుగుతారు. మామూలు ఆటలో ఆ అడ్డు లేదు. మీ పాత డబ్బాతో చేరి ఎనిమిది మందినీ ఈడ్చండి. "ఎవరిదో స్లోగా ఉంది, చూసుకోండయ్యా" అని మొదట మీరే చాట్‌లో రాయాలి, ఆలస్యం చేయకూడదు.

8. ఇంత చేసినా బావే గెలిస్తే కొత్త సరుకు కొనండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి, ఏ ఆట కోసమో చెప్పకుండా, "అన్నా, పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఇవ్వు" అనండి. షాపువాడు ప్రాసెసరు సంగతి ఎత్తితే గిగాహెర్ట్‌జ్ అంకె మాత్రమే చూడండి. 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ గరిష్ఠ వేగం 4.5, మామూలు 5800ఎక్స్‌ది 4.7. పెద్దది ఏదో తెలిసిపోయింది కదా. మొదటిదానికి 96 ఎంబీ ఎల్3 క్యాషె ఉందనీ, రెండోదానికి 32 మాత్రమేననీ, లెక్కలు ఎక్కువగా ఉండే ఆటల్లో అదే పనికొస్తుందనీ ఎవరైనా చెప్పబోతే ఫోన్ వచ్చినట్టు పక్కకి వెళ్లండి. పాత పవర్ సప్లై మార్చకండి, అదో దండగ.

ఇంటికొచ్చి కార్డు బిగించాక మూడొందలో వంతు దగ్గర మునుపు ఎంతసేపు కాచుకున్నారో ఇప్పుడూ దాదాపు అంతసేపే కాచుకుంటారు, కాకపోతే మహా అందమైన కొండల్ని చూస్తూ. కార్డు ఈఎంఐ మీద తీసుకుని ఉంటే మొదటి వాయిదా తేదీకి ముందే బావతో రాజీ పడండి. అప్పు అడగాల్సింది ఆయన్నే.