మా రోజుల్లో మేళం చెయ్యెత్తితే ఆగేది

ఈమధ్య మా పేటలో సంబంధం ఖాయమైందంటే కట్నకానుకల సంగతి ఎలా తేలినా, ‘డీజేనా, మేళమా’ అన్న తగువు మాత్రం ముహూర్తం దాకా నడుస్తుంది. ముసలాళ్లం ఒకవైపు, కుర్రకారు ఒకవైపు. ఎవరు గెలుస్తారో చెప్పక్కర్లేదు. పెద్దల నోరు మూయించడానికి మాంగల్యధారణ దగ్గర ఓ పావుగంట మేళం పెడతారు. హల్దీ, సంగీత్, రిసెప్షన్, బరాత్, తక్కినదంతా డీజే రాజ్యమే. నేనేమన్నా అంటే సన్నాయి నొక్కులు నొక్కుతున్నానంటారు. నొక్కుతాను మరి. ఆ మాత్రం సన్నాయి అయినా మిగలాలి కదా!

చిక్కడపల్లి వాణ్ణి కాబట్టి ఈ విషయంలో గొణిగే హక్కు నాకు కాస్త ఎక్కువే ఉందనుకుంటాను. 1966లో పుట్టిన త్యాగరాయ గానసభ మా పేటదే. సాయంత్రం టిఫిను కానిచ్చి, గానసభలో వెనక వరసలో కూర్చుని, పాడేవాడు ఎక్కడ శ్రుతి తప్పాడో పక్కవాడి చెవిలో ఊదడం మాకు నిత్యకృత్యం. నారాయణగూడ దాటి అటు వెళ్తే రామకోటిలో సర్కారు సంగీత కళాశాల. ఇలాంటి చోట పెళ్లికి వాయించడమంటే మేళగాళ్లకు చిన్న పరీక్ష కాదు. వచ్చినవాళ్లలో ఒకాయన ‘ఆనందభైరవి’ అనేవాడు. పక్కాయన తెలియకపోయినా తలాడించేవాడు. మూడో ఆయన అసలు పెళ్లివైపే చూడకుండా మేళం ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

వీధికి అడ్డంగా షామియానా. మండపం పక్కన జంపఖానా మీద సన్నాయి, డోలు, తాళం, శ్రుతిపెట్టె. సన్నాయికి కట్టిన దారానికి రెండు మూడు పీకలు వేలాడుతుండేవి. ఆయన ఒకటి తీసి నోట్లో తడిపి, ఊది చూసి, నచ్చక ఇంకోటి తగిలించేవాడు. పిల్లలం నోరు తెరుచుకుని చూసేవాళ్లం. డోలాయన కుడిచేతి వేళ్లకు తొడుగులు, ఎడమచేతిలో కర్ర. ఆయన కళ్లు మాత్రం డోలు మీద ఉండేవి కావు, పురోహితుడి చేతి మీద ఉండేవి. జీలకర్ర బెల్లం పెట్టే వేళకు పంతులుగారు చెయ్యెత్తి గాల్లో వేళ్లాడిస్తే చాలు, గట్టిమేళం! ఆ క్షణాన తుమ్మో దగ్గో, ఎవరి నోటి వెంటనైనా అపశకునపు మాటో వినబడకూడదని ఆ హోరు. చెయ్యి దించితే అదీ దిగేది. తలంబ్రాలప్పుడు హుషారెక్కేది. అప్పగింతల్లో పెళ్లికూతురి తల్లి కొంగు కళ్లకద్దుకుంటే, ఎవరూ చెప్పకుండానే సన్నాయి గొంతు తగ్గేది.

మొన్నామధ్య ఒక పెళ్లిలో మేళం ఖర్చు కూడా దండగనుకున్నారు. అదీ డీజే కుర్రాడికే అప్పజెప్పారు. పంతులుగారు చెయ్యెత్తారు. కుర్రాడు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ల్యాప్‌టాప్‌లో ఏదో వెతుక్కుంటున్నాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది. సరిగ్గా అప్పుడు వెనక వరసలో ఎవరో భేషుగ్గా తుమ్మారు. ఆ తర్వాత వచ్చింది గట్టిమేళం, ఎవరు ఎప్పుడు ఎవరి పెళ్లికి వాయించిందో మరి. పంతులుగారు చెయ్యి దించినా అది దిగలేదు. ఫైలు అయిపోయేదాకా మోగింది.

డీజే ఒక్కణ్ణే ఆడిపోసుకోవడం న్యాయం కాదు. మేళానికి మొదటి దెబ్బ క్యాసెట్టు కొట్టింది. కల్యాణమండపం గుమ్మం దగ్గర టేపురికార్డరు పెట్టి బిస్మిల్లా ఖాన్ షెహనాయి వేసేవాళ్లు. కాశీలో ఉండే అంతటి విద్వాంసుడు, 2001లో భారతరత్న అందుకున్న మనిషి, మా పేటలో ప్రతి పెళ్లికీ హాజరు! సంభావన అడగడు, భోజనం చెయ్యడు. లెక్కలు చూసుకునేవాళ్లకు ఇంకేం కావాలి?

మేళగాళ్లను మనం చూసుకున్న తీరూ గొప్పగా ఏం లేదు. వాళ్లలో ఎక్కువమంది నాయీబ్రాహ్మణులు. పొద్దున పెళ్లికొడుక్కి గోళ్లు తీసినవాళ్లే ముహూర్తానికి సన్నాయి పట్టేవాళ్లు. వాళ్లను ఆఖరి పంక్తిలో, కూరలు అడుగంటాక కూర్చోబెట్టేవాళ్లు. మాట్లాడుకున్న డబ్బులో చివర్న కోత పెట్టేవాళ్లు. వాళ్ల పిల్లలు సన్నాయి వదిలేసి సెలూన్లు పెట్టుకున్నారంటే తప్పెవరిది? సన్నాయిని తక్కువగా చూసే పెద్దమనుషులకు షేక్ చినమౌలానా గురించి చెప్పాలనిపిస్తుంది. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టి, తంజావూరు బాణీ పట్టి, శ్రీరంగంలో స్థిరపడిన నాదస్వర విద్వాంసుడు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది.

రిసెప్షన్‌కి పాటకచ్చేరి ఉండేది. కీబోర్డు, కాంగో, ఒక గాయకుడు, ఒక గాయని. చీటీ మీద పాట పేరు రాసి పంపితే పాడేవాళ్లు. ఎక్కువ చీటీలు ఘంటసాలవే. నడిమధ్యలో పెళ్లికూతురి మేనమామ మైకు లాక్కునేవాడు. ఆయన ఏ శ్రుతిలో ఎత్తుకుంటే కీబోర్డు కుర్రాడు ఆ శ్రుతి వెతుక్కుని వెంటపడేవాడు, చరణం మింగేస్తే వాడూ మింగేసేవాడు. మేనమామ పరువు దక్కేది.

‘అయితే మేము డ్యాన్స్ చెయ్యొద్దా తాతయ్యా?’ అంటుంది నా మనవరాలు. చెయ్యండమ్మా! మా బరాత్‌లు మాత్రం మూగగా నడిచాయా? పెట్రోమాక్సు లైట్లు నెత్తిన పెట్టుకుని ఇరువైపులా మనుషులు, ముందు బ్యాండు, దాని ముందు మర్ఫా. నిజాం కొలువుకు వచ్చిన యెమెన్ అరబ్బులు, ఏసీ గార్డ్స్‌లో స్థిరపడిన ఆఫ్రికా సిద్దీలు ఈ ఊరికిచ్చిన దరువది. హిందువుల పెళ్లి, ముస్లిముల పెళ్లి అని లేదు, తీన్మార్ పడితే హైదరాబాద్‌లో కాలు నిలవదు. నా కాలూ నిలవలేదు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో కొత్త సినిమా పడిందంటే ఆ పాట బ్యాండువాళ్ల ట్రంపెట్‌లో దిగడానికి ఎన్నాళ్లో పట్టేది కాదు.

గోల మాకూ ఉండేది. కానీ చెయ్యెత్తితే ఆగేది. ఆసుపత్రి వస్తే బ్యాండు మేస్త్రీ చెయ్యెత్తేవాడు, దరువు ఆగేది, సందు మలుపు తిరిగాక మళ్లీ మొదలయ్యేది. ఏ ఇంటి ముందైనా పాడె కనిపిస్తే అందరూ తలొంచుకుని చప్పుడు చెయ్యకుండా దాటేవాళ్లు. ఇప్పుడు డీసీఎం మీద నిలువెత్తు స్పీకర్లు, వెనక జనరేటర్. ఆ వెలుగుల్లో బండి మీది కుర్రాడికి మనం చెయ్యెత్తామో, చప్పట్లు కొడుతున్నామో తెలియదు. పాపం వాడూ పొట్టకూటికి వచ్చినవాడే. వాడికి ఎదురుగా కనిపించేది తెర ఒక్కటే.

2023లో ఇందిరాపార్కు నుంచి వీఎస్టీ దాకా ఉక్కు వంతెన వేశాక అశోక్‌నగర్‌లో ఈ బాధ ఇంకా పెరిగినట్టుంది నాకు. డీజే బండి దాని కిందికొస్తే ఆ దద్దరిల్లుడు గుండెల్లో తెలుస్తుంది. అటూ ఇటూ సందుల్లో హాస్టళ్లు, గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు. ఊళ్లో పొలం కుదువబెట్టి వచ్చినవాళ్లూ ఉంటారు. పగలంతా చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ కోసం కాపు కాసి, రాత్రి గదిలో పుస్తకం తెరిచేసరికి ఈ బరాత్. కిటికీలు మూస్తారు, చెవుల్లో దూది పెట్టుకుంటారు, చివరికి పుస్తకమే మూస్తారు.

చట్టం లేకపోలేదు. 2000లో వచ్చిన శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరు మోగకూడదు. 2024 అక్టోబరులో నగర పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజే వద్దని ఉత్తర్వే ఇచ్చారు. వినాయకుడు వినాల్సి వచ్చింది, పెళ్లికొడుకు వినకపోతే ఎలా?

ఇంట్లో పెళ్లి పెట్టుకున్నవాళ్లకు ఈ ముసలాడి మనవి ఇదీ. డీజే కావాలంటే రిసెప్షన్‌లో, హాలు తలుపులు మూసి పెట్టుకోండి, పదింటికి కట్టేయమని బయానా ఇచ్చేటప్పుడే చెప్పండి. బరాత్‌కి మర్ఫానో బ్యాండో పిలవండి. పెళ్లికి మాత్రం మేళం మాట్లాడుకోండి, పావుగంటకు కాదు, స్నాతకం నుంచి అప్పగింతల దాకా. పంతులుగారి చెయ్యి కనబడే చోట వాళ్లను కూర్చోబెట్టి, ముందు ఒక వీడియో కెమెరా అడ్డం లేకుండా చూడండి. ఒప్పుకున్న డబ్బు ఒప్పుకున్నట్టు ఇచ్చి, మొదటి పంక్తిలోనే వాళ్లకూ విస్తళ్లు వేయించండి.